ఖరగ్‌పూర్ దాటాక కాంటాయ్ రోడ్

హౌరాలో బయల్దేరి విశాఖ వైపు వచ్చే మెయిళ్లూ ఎక్స్‌ప్రెస్‌లూ రెండు గంటలు అటూ ఇటుగా ఖరగ్‌పూర్ చేరతాయి. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదని పేరు మోసిన ప్లాట్‌ఫాం అక్కడే ఉంది. దాని పొడవు 1,072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి ఆ పేరును పట్టుకుపోయాయి. అయినా తెలుగు ప్రయాణికుడికి ఆ స్టేషన్ మీద మమకారం తగ్గదు. బెంగాలీ, హిందీ గోల మధ్య ఉన్నట్టుండి శ్రీకాకుళం యాస చెవిన పడుతుంది. నూట పాతికేళ్ల కిందట బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ స్టేషనూ వర్క్‌షాపూ కట్టినప్పుడు ఉత్తరాంధ్ర నుంచి పనికి వచ్చినవాళ్ల ముని మనవలు నేటికీ మథురాకాటీలో, నింపురాలో, పాత సెటిల్‌మెంట్ వీధుల్లో ఉన్నారు.

బండి ఖరగ్‌పూర్ వదిలి దక్షిణానికి తిరిగాక అరగంటకు బెల్దా అనే చిన్న స్టేషన్ వస్తుంది. పెద్ద బళ్లు చాలావరకు అక్కడ ఆగవు. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు కూడా ఆ బోర్డు చదివే లోపే అది వెనక్కి పోతుంది. దాని పాత పేరు కాంటాయ్ రోడ్. సముద్రానికి దగ్గర్లో ఉన్న కాంటాయ్ పట్టణానికి, అంటే ఇప్పటి కాంథికి, ఆ రోజుల్లో రైలు లేదు. అక్కడికి వెళ్లాలంటే ఇక్కడ దిగి, యాభై కిలోమీటర్లకు పైగా రోడ్డున పోవాలి. 1942 చివర్లో ఆ ఊరికి దేశంకాని దేశం నుంచి కొందరు యువకులు సాయానికి వచ్చారు. అప్పుడు యుద్ధం కలకత్తా గుమ్మంలో ఉంది. వచ్చినవాళ్లలో కొందరు తొందరగా తిరిగిపోలేదు. వారి సంగతి తెలుసుకోవాలంటే ముందు ఆ ఏడాది సంగతి తెలియాలి.

1942 మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది. బర్మా నుంచి లక్షల మంది భారతీయులు ప్రాణాలు అరచేత పట్టుకుని కొండలూ అడవులూ దాటి వచ్చారు. వారిలో రంగూన్ రేవులో, బియ్యపు మిల్లుల్లో పనిచేసిన తెలుగువాళ్లు వేలాది మంది. కలకత్తా చేరిన గోదావరి, విశాఖ జిల్లాలవాళ్లు ఇంటికి పోవాలంటే ఖరగ్‌పూర్ మీదుగానే పోవాలి. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. యుద్ధం పేపర్లో చదివే వార్తగా ఉండడం మాని, తూర్పు తీరం పొడవునా ఇంటి వాకిట్లోకి వచ్చింది.

శత్రువు సముద్రం మీదుగా బెంగాల్‌లో దిగితే వాడికి తిండీ బండీ దొరక్కూడదని ప్రభుత్వం ఒక పద్ధతి పెట్టింది. తీరపు జిల్లాల నుంచి ధాన్యం తరలించడం, పదిమందికి మించి పట్టే పడవలను స్వాధీనం చేసుకోవడం లేదా నాశనం చేయడం అందులో భాగం. ఇలా పోయిన పడవలు 40 వేలకు పైమాటే. కాలవలూ ఉప్పుటేర్లూ తప్ప దారి లేని చోట పడవ పోయిందంటే చేపల వేట, సంత, ధాన్యం రవాణా, వైద్యుడి దగ్గరకు ప్రయాణం అన్నీ పోయినట్టే. కోనసీమ లంకల్లో బతికేవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం మొదలైంది. మిడ్నపూర్ జిల్లా నిప్పులా మండింది. సెప్టెంబర్ 29న తమ్లూక్‌లో ఊరేగింపు ముందు నడిచిన డెబ్బై ఏళ్లు దాటిన మాతంగిని హాజ్రా పోలీసు కాల్పుల్లో నేలకొరిగారు. సరిగ్గా పదిహేడు రోజులకు, అక్టోబర్ 16న, దసరా రోజుల్లో, తుఫాను వచ్చింది. సముద్రం పదహారు అడుగుల ఎత్తున లేచి కాంటాయ్, తమ్లూక్ ప్రాంతాల మీద పడింది. ప్రభుత్వ లెక్కలోనే చనిపోయినవారు సుమారు 14,500 మంది. పశువులు 1,90,000. కోతకు రావాల్సిన వరి ఉప్పునీటిలో మునిగింది. మంచినీటి చెరువులు కళేబరాలతో నిండాయి.

ఈ వార్త దాదాపు రెండు వారాలు బయటకు రానివ్వలేదు. యుద్ధకాలపు సెన్సారు అడ్డుపడింది. ఉద్యమం చేసిన తాలూకాలు కాబట్టి సాయం కూడా కావాలనే ఆలస్యం చేశారన్న ఆరోపణ అప్పుడే గట్టిగా వినిపించింది. బెంగాల్ మంత్రివర్గంలో ఉన్న శ్యామాప్రసాద్ ముఖర్జీ నవంబర్‌లో రాజీనామా చేస్తూ చూపిన కారణాల్లో మిడ్నపూర్‌లో జరిగిన అణచివేత ఒకటి.

ఇలాంటి చోటికి తెల్లవాళ్లు సాయానికి రావడమంటే మాటలు కాదు. ఆ నెలల్లో మిడ్నపూర్ పల్లెల్లో తెల్ల మొహమంటే పోలీసు అధికారో సైన్యమో. కాల్చినవారి జాతివాడే పాలడబ్బా పట్టుకుని వస్తే తల్లి బిడ్డను చేతికివ్వాలా, దాచుకోవాలా?

వచ్చిన సంస్థ పేరు ఫ్రెండ్స్ ఆంబులెన్స్ యూనిట్. క్వేకర్లనే క్రైస్తవ శాఖవారు ఆయుధం పట్టరు. మొదటి ప్రపంచయుద్ధం మొదలైన 1914లో ఆ శాఖ యువకులు, చంపే పని చేయం కానీ గాయపడినవాళ్లను మోసే పని చేస్తామని ముందుకొచ్చి ఈ దళాన్ని పెట్టుకున్నారు. 1939లో మళ్లీ యుద్ధం రాగానే దాన్ని తిరిగి నిలబెట్టారు. బర్మింగ్‌హామ్ దగ్గర నార్త్‌ఫీల్డ్‌లో శిక్షణ ఇచ్చేవారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో 1,300 మందికి పైగా ఇందులో చేరి 25 దేశాల్లో పనిచేశారు. జీతం లేదు. తిండీ బసా చూసి, చేతి ఖర్చుకు కొద్దిపాటి డబ్బు ఇచ్చేవారు. జర్మన్ విమానాలు లండన్ మీద రాత్రుళ్లు బాంబులు కురిపించిన రోజుల్లో ఇళ్లు కూలిన జనానికి తలదాచుకునే కేంద్రాలు నడిపిన అనుభవం వీరికి ఉంది. ఆ అనుభవమే కలకత్తాకు పనికొస్తుందని 1942 జూన్‌లో ఒక చిన్న బృందం ఇండియాకు వచ్చింది.

బృందానికి పెద్ద హొరేస్ అలెగ్జాండర్. అప్పటికి వయసు 53. వృత్తికి పాఠాలు చెప్పే పంతులు, ప్రాణానికి పక్షులు చూసే మనిషి. 1927లోనే ఇండియాకు వచ్చి గాంధీని కలిసి స్నేహం కట్టుకున్నారు. ఆయనకు తోడుగా వచ్చిన రిచర్డ్ సైమండ్స్‌కు ఇంకా 24 నిండలేదు. ఇద్దరూ సేవాగ్రామ్ వెళ్లి గాంధీని కలిశారు. బ్రిటిష్‌వాళ్లను దేశం విడిచి పొమ్మని చెప్పబోతున్న మనిషి, ఈ ఇద్దరు బ్రిటిష్‌వాళ్లను ఆదరించి మాట్లాడారు. కొద్ది వారాలకే, ఆగస్టు 9న, ఆయన్ను నిర్బంధించారు. కాంగ్రెస్ పెద్దలు జైల్లో, ప్రభుత్వం కోపంలో, జనం పగలో. ఈ మూడింటి మధ్య వీరి పని మొదలైంది.

కలకత్తా మీద మొదటి బాంబులు 1942 డిసెంబర్ 20 రాత్రి పడ్డాయి. నష్టం లండన్‌తో పోలిస్తే చిన్నదే కానీ భయం చిన్నది కాదు. లక్షల మంది నగరం వదిలి పోయారు. మూటాముల్లెలతో, పిల్లాజెల్లతో హౌరా స్టేషన్ కిక్కిరిసింది. అంతకుముందే తుఫాను కబురు తెలిసి ఫ్రెండ్స్ బృందం మిడ్నపూర్ వైపు మళ్లింది. వైమానిక దాడుల నుంచి నగరవాసులను కాపాడే పద్ధతులు నేర్పడానికి వచ్చినవాళ్లకు ఉప్పునీట మునిగిన పల్లెలు ఎదురయ్యాయి.

మంచి వాలంటీరు ఎవరన్నది ఇక్కడే తేలుతుంది. ఏ పని కోసం వచ్చాడో ఆ పనినే పట్టుకుని వేలాడేవాడు యుద్ధ ప్రాంతంలో బరువు. ఎదురుగా ఉన్న అవసరాన్ని చూసి, తన నేర్పును పక్కన పెట్టి, లెక్కలు రాయడానికీ డబ్బాలు మోయడానికీ సిద్ధపడేవాడే అక్కరకొస్తాడు. సహాయ శిబిరాల పనిలో వీరత్వం చాలా తక్కువ. ఏ ఊళ్లో ఎన్ని గడపలు, ఏ గడపలో ఎందరు పిల్లలు, ఎవరికి జ్వరం, ఏ చెరువు నీళ్లు తాగొచ్చు, ఎన్ని డబ్బాల పాలపొడి వచ్చింది, ఎన్ని పంచారు, ఎన్ని మిగిలాయి అన్న పట్టీలే పనంతా. సరుకు తేవాలంటే రైలు వాగన్ దొరకాలి. వాగన్లన్నీ సైన్యానికే ముందు. ఒక వాగన్ కోసం ఆఫీసు చుట్టూ రోజుల తరబడి తిరిగే ఓపిక ఉన్నవాడే అక్కడ ప్రాణదాత.

తుఫాను గాయం మానకముందే కరువు పడింది. బర్మా బియ్యం రాదు. తీరాన ధాన్యం లేదు. పడవలు లేవు. యుద్ధపు కొనుగోళ్లతో ధర కొండెక్కింది. 1943లో బెంగాల్‌లో ఆకలితోనూ, దాని వెంట వచ్చిన మలేరియా, కలరాలతోనూ చనిపోయినవారు ప్రభుత్వ విచారణ సంఘం చెప్పినట్టు 15 లక్షలు. తరువాతి పరిశోధకులు వేసిన లెక్కలు 30 లక్షల దాకా పోయాయి. మిడ్నపూర్ పల్లెల నుంచి జనం నడిచి కలకత్తా చేరి పేవ్‌మెంట్ల మీద పడిపోయారు. వారు అన్నం పెట్టమని అడగలేదు. అన్నం ఎవరూ పెట్టరని వారికి తెలిసిపోయింది. ఇళ్ల ముందు నిలబడి అన్నం వార్చిన గంజి పోయమని అడిగారు. బెంగాలీలో దాన్ని ఫ్యాన్ అంటారు. ఆ రోజులు చూసిన కలకత్తావాళ్ల జ్ఞాపకాలన్నిటిలోనూ ఆ ఒక్క మాట ఉంది.

ఆ ఆగస్టు 22న స్టేట్స్‌మన్ పత్రిక కరువు ఫొటోలు అచ్చువేసింది. సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ కూడా ఆంగ్లేయుడే. నవంబర్‌లో చిత్రకారుడు చిత్తప్రసాద్ మిడ్నపూర్‌లో కాలినడకన తిరిగి చూసినవి చూసినట్టు బొమ్మలు గీశాడు. హంగ్రీ బెంగాల్ పేరుతో వచ్చిన ఆ పుస్తకం ప్రతులు 5,000. ప్రభుత్వం వాటిని పట్టి తగలబెట్టింది. ఇంట్లోవాళ్లు దాచుకున్న ఒక్క ప్రతి మిగిలింది.

ఫ్రెండ్స్ బృందం పిల్లల కోసం పాల కేంద్రాలు నడిపింది. అమెరికాలోని క్వేకర్ల సంఘం పాలపొడి, మందులు పంపి తోడ్పడింది. పాలే ఎందుకంటే, వారాల తరబడి కడుపు మాడినవాడికి ఒక్కసారిగా కడుపునిండా పెడితే ఆ తిండే ప్రాణం తీస్తుంది. గంజి, పలుచని పాలు, ఆ తర్వాతే మెత్తని అన్నం. బాలింతకు పత్యం పెట్టే మన పెద్దవాళ్లకు ఈ వరస తెలిసే ఉంటుంది. దూరం నుంచి వచ్చిన కుర్రాళ్లు మాత్రం నేర్చుకోవాల్సి వచ్చింది. నేర్పినది ఊళ్లోవాళ్లే. ఏ సందులో ఏ ముసలమ్మ లేవలేక పడి ఉందో, పేదల పేరు చెప్పి బియ్యం ఎత్తుకుపోయే పెద్దమనిషి ఎవరో చెప్పేది కూడా వాళ్లే. స్థానికులు లేకుండా పరదేశి వాలంటీరు కళ్లున్న గుడ్డివాడే.

విచిత్రం ఏమిటంటే ఆ మరుసటి ఏడాదే మిడ్నపూర్ జిల్లాకు ఇంకో రకం విదేశీయులు వేల సంఖ్యలో వచ్చారు. ఖరగ్‌పూర్ పక్కన హిజ్లీలో 1930లో కట్టిన నిర్బంధ శిబిరం ఉంది. 1931 సెప్టెంబర్ 16న సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తాలను కాపలావాళ్లు కాల్చి చంపింది అక్కడే. ఆ భవనం 1944లో అమెరికా 20వ బాంబర్ కమాండ్‌కు కార్యాలయమైంది. ఖరగ్‌పూర్, దూద్‌కుండి, పియార్‌డోబా, చాకులియాల రన్‌వేల నుంచి బి-29 విమానాలు లేచేవి. వాటి మొదటి దాడి 1944 జూన్ 5న. గురి బ్యాంకాక్‌లోని మకాసన్ రైల్వే వర్క్‌షాపు. ఒక రైల్వే వర్క్‌షాపు ఊరి పక్క నుంచి లేచిన విమానాలు సముద్రం అవతల మరో రైల్వే వర్క్‌షాపు మీద బాంబులు వేశాయి. ఖరగ్‌పూర్ ఫిట్టరుకు, మకాసన్ ఫిట్టరుకు మధ్య పగ ఏముంటుంది? 1945లో ఆ దళాలు పసిఫిక్ ద్వీపాలకు తరలిపోయాయి. 1951 ఆగస్టు 18న అదే హిజ్లీ ప్రాంగణంలో మౌలానా ఆజాద్ ఐఐటీని ప్రారంభించారు.

అమెరికన్ కుర్రాళ్లు ఆజ్ఞ మీద వచ్చారు, ఆజ్ఞ మీద పోయారు. వారిని తప్పుపట్టాల్సింది లేదు. క్వేకర్ బృందం కొద్దిమందే. సాయం కూడా కరువు ముందు సముద్రంలో కాకిరెట్టంత. ఆ సంగతి వారికీ తెలుసు. కరువు వార్తలు తగ్గాక కూడా సైమండ్స్ కదల్లేదు. 1944, 45ల్లో బెంగాల్ ప్రభుత్వ సహాయ పునరావాస శాఖలో డిప్యూటీ డైరెక్టర్‌గా చేరి, ఫైళ్ల మధ్య కూర్చుని పనిచేశారు. తిండి పెట్టడం ఒక ఎత్తు, అనాథలైన పిల్లలనూ భర్త పోయిన ఆడవాళ్లనూ మళ్లీ సొంత కాళ్ల మీద నిలబెట్టడం ఇంకో ఎత్తు. ఫొటోలు తీసేవాళ్లు అప్పటికి వెళ్లిపోయి ఉంటారు. ఆ రెండో పనికే ఏళ్లు కావాలి.

ఇంతకూ ఈ వ్యాపారం ఒకవైపుదేనా? ఇండియా ఎప్పుడూ సాయం పుచ్చుకునే చేయేనా? కాదు. మిడ్నపూర్ మీద సముద్రం విరుచుకుపడిన అదే ఏడాది, కలకత్తా మీద బాంబులు పడడానికి పదకొండు రోజుల ముందు, డిసెంబర్ 9న, ఉత్తర చైనాలో ఒక భారతీయ డాక్టరు కన్నుమూశారు. ద్వారకానాథ్ కోట్నిస్. వయసు 32. ఊరు సోలాపూర్. మన పద్మశాలీలు మగ్గాలు మోసుకుపోయి వీధులకు వీధులు నింపిన సోలాపూరే అది.

జపాన్ దాడిలో నలిగిపోతున్న చైనా సాయం అడిగితే, సుభాష్ చంద్రబోస్ కాంగ్రెస్ అధ్యక్షుడుగా ఉన్న 1938లో ఐదుగురు డాక్టర్లను పంపారు. అటల్, చోల్కర్, ముఖర్జీ, కలకత్తాకు చెందిన విజయ్ కుమార్ బసు, కోట్నిస్. సెప్టెంబర్ 1న బొంబాయిలో ఓడ ఎక్కారు. ముగ్గురు ముందుగా తిరిగొచ్చారు. బసు 1943 దాకా ఉన్నారు. కోట్నిస్ చైనా భాష నేర్చుకున్నారు, గువో చింగ్‌లాన్ అనే నర్సును పెళ్లాడారు, 1941లో బెతూన్ అనే డాక్టరు పేరిట ఉన్న శాంతి ఆసుపత్రికి అధిపతి అయ్యారు. కొడుకు పుట్టిన కొద్ది నెలలకే మూర్ఛరోగం ఆయన్ను తీసుకుపోయింది. బసు తరువాత మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని కలకత్తాలో ఆ వైద్యం మొదలుపెట్టారు. సాయం చేయడానికి వెళ్లినవాడు అక్కడి విద్య నేర్చుకుని తన ఊరికి తెచ్చుకున్నాడు.

కోట్నిస్ కథ మన దేశంలో సినిమా అయింది, పాఠ్యపుస్తకాల్లోకెక్కింది. అది న్యాయమే. ఆయన చైనాలో పనిచేస్తున్న నెలల్లోనే మన మిడ్నపూర్‌కు వచ్చి పనిచేసినవాళ్ల పేర్లు మాత్రం మనలో ఎవరికీ తెలియవు. ఇది సరిచేయదగిన మరపు. గుంటూరువాళ్లు అన్నా కుగ్లర్‌ను మరిచిపోలేదు కదా. 1883లో వచ్చిన ఆ అమెరికన్ డాక్టరమ్మ 1930లో పోయేదాకా వాళ్లకు వైద్యం చేసింది. ఆసుపత్రి ఆమె పేరుతోనే నిలిచింది. భవనం ఉంటే పేరు నిలుస్తుంది. పాలు తాగిన పిల్లల దగ్గర శిలాఫలకం ఉండదు.

1947 వేసవి చివరికి, దేశ విభజన వేళ, బెంగాల్, పంజాబ్ రెండూ నెత్తురోడాయి. ఆగస్టు 13న గాంధీ కలకత్తా బేలియాఘాటాలో హైదరీ మంజిల్ అనే పాత ఇంట్లో ముస్లిం లీగ్ నాయకుడు సుహ్రావర్దీతో కలిసి మకాం పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చిన రోజున ఆయన పక్కన ఉన్నవారిలో హొరేస్ అలెగ్జాండర్ ఒకరు. తరువాత ఆయనా సైమండ్సూ పంజాబ్ చేరారు. సరిహద్దుకు రెండు వైపులా శిబిరాలు తిరిగి చూసి చెప్పే పని వీరికి అప్పగించారు. ఇటు ప్రభుత్వమూ అటు ప్రభుత్వమూ వీరి మాట నమ్మాయి. అన్నదమ్ములు ఒకరి మాట ఒకరు నమ్మని చోట పరాయివాడి మాట చెల్లుతుంది. యుద్ధ ప్రాంతంలో విదేశీ వాలంటీరుకు ఉన్న అసలైన ఉపయోగం ఇదేనేమో. అయితే ఆ నమ్మకం పాస్‌పోర్టు చూసి రాలేదు. ఇక్కడి ఆకలి మధ్య తిరిగాక వచ్చింది.

ఆ తిరుగుడులో సైమండ్స్‌కు టైఫాయిడ్ సోకింది. ఢిల్లీలో గాంధీ తాను ఉంటున్న బిర్లా హౌస్‌కే ఆయన్ను తెప్పించుకుని చూసుకున్నారు. సాయం చేయడానికి వచ్చినవాడు మంచాన పడ్డాడు. దేశం ముక్కలైన దుఃఖంలో ఉన్న 78 ఏళ్ల ముసలాయన అతని బాగోగులు అడిగాడు. వాలంటీరుకూ ఊరికీ మధ్య లెక్క ఎప్పుడూ ఒక్కవైపే ఉండదనడానికి ఇంతకన్నా ఏం కావాలి? అదే ఏడాది నోబెల్ శాంతి బహుమతిని బ్రిటిష్, అమెరికన్ క్వేకర్ సేవా సంఘాలకు కలిపి ఇచ్చారు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధంతో దేశంలోకి వచ్చిన దాదాపు కోటి మంది శరణార్థుల్లో అత్యధికులు మళ్లీ బెంగాల్‌కే చేరారు. బ్రిటిష్ సహాయ సంస్థ ఆక్స్‌ఫామ్ తరఫున అప్పుడు కలకత్తాలో పనులు నడిపిన జూలియన్ ఫ్రాన్సిస్ అనే యువకుడు 1968 నుంచే బిహార్ పల్లెల్లో ఉన్నవాడు. అందుకే విమానాల్లో విదేశీ దళాలను దింపడానికి బదులు కలకత్తా, బొంబాయి వైద్య విద్యార్థులనూ గాంధేయ సంస్థల కార్యకర్తలనూ శిబిరాల్లోకి పంపే పద్ధతి ఎంచుకున్నారు. బన్‌గావ్‌లో కలరాతో జనం రాలిపోతుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, పంచదార, నీళ్ల మిశ్రమం తాగించి వేల ప్రాణాలు నిలబెట్టారు. అది నేడు ప్రపంచమంతా వాడే ఓఆర్‌ఎస్. ఆ డిసెంబర్‌లోనే పారిస్‌లో ఎల్లలెరుగని వైద్యుల సంస్థ పుట్టింది. దాన్ని పెట్టినవారిలో కొందరిని కదిలించింది 1970 నవంబర్‌లో తూర్పు బెంగాల్‌ను ముంచిన తుఫాను.

ఇప్పటి యువతకు ఈ దారి ఎలా ఉంటుంది? యుద్ధం జరుగుతున్న నగరానికి టికెట్ కొనుక్కుని ఎవరికివారు వెళ్లడం దాదాపు ఎప్పుడూ తప్పే. భాష రానివాడికి, పని తెలియనివాడికి తిండీ బసా కాపలా చూసే భారం ఆ ఊరి మీదే పడుతుంది. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల విభాగం, ఎల్లలెరుగని వైద్యులు వంటి సంస్థలు ముందు వృత్తి అనుభవం అడుగుతాయి. డాక్టర్లు, నర్సులతో పాటు లెక్కలు చూసేవాళ్లు, నీటి ఇంజినీర్లు, గోదాము నడిపేవాళ్లు వారికి కావాలి. పంపితే వారాలకు కాదు, నెలల తరబడి పంపుతారు. ప్రమాదం ఉత్తమాట కాదు. 2024లో ప్రపంచవ్యాప్తంగా 380 మందికి పైగా సహాయ కార్యకర్తలు చనిపోయారని ఐక్యరాజ్యసమితి లెక్క. వారిలో అత్యధికులు ఆ దేశాలవాళ్లే, పరాయివాళ్లు కాదు. పేర్లు మాత్రం ఎక్కువగా పరాయివాళ్లవే పేపర్లకెక్కుతాయి.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు ఈ కథలో ఒక ముక్క సొంత అనుభవంలా తోస్తుంది. వారి పూర్వీకులు సేవకు రాలేదు, జీతానికి వచ్చారు. ఆ తేడా పెద్దది, దాన్ని చెరపకూడదు. కానీ భాష తెలియని ఊళ్లో దిగి, పక్కింటివాళ్ల పండగలు నేర్చుకుని, తమ మాతాపూజను ఊరందరి పండగ చేసి, పిల్లలకు మూడు భాషలు అబ్బేదాకా ఉండిపోవడం ఎంత కాలం పట్టే పనో ఆ వీధులకు తెలుసు. ఏడాదికి ఊరు ముఖం గుర్తుపడుతుంది. ఐదేళ్లకు పేరు పెట్టి పిలుస్తుంది. కష్టమొచ్చినప్పుడు మనవాడని తలుపు తట్టడానికి ఇంకా ఎక్కువ పడుతుంది.

సైమండ్స్ తరువాత ఐక్యరాజ్యసమితిలో చేరి కాశ్మీర్‌తో మొదలుపెట్టి ఎన్నో దేశాలు తిరిగారు. ఇక్కడ గడిపిన రోజుల జ్ఞాపకాలను పుస్తకంగా వేసింది 2001లో, ఎనభై దాటాక. స్వాతంత్ర్యపు అంచుల్లో అని అర్థమొచ్చే పేరు పెట్టారు. హొరేస్ అలెగ్జాండర్ 1950లో ఢిల్లీలో పక్షుల పరిశీలన సంఘం స్థాపించారు. 1984లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. నూరేళ్ల బతుకు బతికి 1989లో వెళ్లిపోయారు.

కాంథికి ఇప్పుడు సొంత స్టేషన్ ఉంది. తమ్లూక్ నుంచి దిఘా వెళ్లే లైను పడ్డాక బెల్దాలో దిగి రోడ్డు పట్టే అవసరం తీరింది. 2021 మే 26న యాస్ తుఫాను తీరం దాటినప్పుడు ఆ ఒడ్డంతా మళ్లీ సముద్రంలో మునిగింది. 1942లో తుఫాను వచ్చిపోయిన రెండు వారాలకు గానీ బయటివాళ్లకు కబురు తెలియలేదు. ఈసారి తుఫాను రాకముందే, రోజుల ముందు నుంచే, హెచ్చరిక ఊరూరా తిరిగింది. లక్షల మంది ఇళ్లకు తాళాలు వేసి, పశువులను తోలుకుని, మెరక మీది షెల్టర్లకు చేరారు.